వారానికి ఒక రోజు యాంకరింగ్.. గ్రూప్-2 మానేయాలా?

ప్రశ్న: మాది వరంగల్. ఈ ఏడాదే ఎం.ఎ. జర్నలిజం పూర్తయింది. దూరదర్శన్ యాదగిరిలో వారం వారం వచ్చే ఒక చర్చా కార్యక్రమానికి ఆడిషన్ ఇస్తే క్యాజువల్ యాంకర్‌గా తీసుకున్నారు. చాలా ఏళ్లు దాన్ని నడిపిన సార్ తప్పుకుంటున్నారు, ఆయన స్థానంలో నేను కూర్చోవాలి. ఒకటే టెన్షన్. నాన్నేమో అదసలు ఉద్యోగమే కాదు, బుద్ధిగా గ్రూప్-2 చదువుకో అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు అభినందనలమ్మా. ఇక అసలు మాట. మీ నాన్నగారు అన్నది నిజమే, అది ఉద్యోగం కాదు. అయినా చెయ్యమనే చెప్తాను.

క్యాజువల్ అంటే ఎపిసోడ్‌కి ఇంత అని ఫీజు ఇస్తారు, పిలిచిన రోజు వెళ్లాలి, పిలవకపోతే ఏమీ లేదు. పీఎఫ్ లేదు, జీతంతో సెలవు లేదు. ఎన్నేళ్లు చేసినా పర్మనెంట్ చేయమని అడగనని మామూలుగా ఒప్పందంలోనే రాయించుకుంటారు. ఆ పేజీ చదవకుండా సంతకం పెట్టేసి, పదేళ్ల తర్వాత "ఇదంతా సర్వీసు కిందికి రాదా సార్" అంటూ నా దగ్గరికి వచ్చి కూర్చున్నవాళ్లున్నారు, వాళ్లకి నేను చెప్పగలిగింది ఏమీ లేకపోయింది. నువ్వు ముందే అడుగు. వేరే ఛానల్‌కో యూట్యూబ్‌కో పనిచేయొచ్చా, రికార్డింగ్ రద్దయితే ఫీజు వస్తుందా, డబ్బులు ఎన్నాళ్లకి పడతాయి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకు, ఎవరూ ఏమీ అనుకోరు. రానుపోను ఛార్జీలు నీవే అనుకుని లెక్క వేసుకో. వరంగల్ బస్సెక్కితే ఉప్పల్‌లో దిగిపోవచ్చు, రామంతాపూర్ స్టూడియో అక్కడికి దగ్గరే, ఆ ఒక్కటీ నీకు కలిసొచ్చింది.

ఇంత చెప్పి మళ్లీ ఎందుకు చెయ్యమంటున్నానంటే, చదువు అయిన ఏడాదే ఒక అధికారినీ ఒక రైతు నాయకుడినీ ఎదురుగా కూర్చోబెట్టి అరగంట ఒకే విషయం మీద ప్రశ్నలడిగే కుర్చీ ఇంకెక్కడా దొరకదు. ప్రైవేటు ఛానల్లో చేరితే కొన్నేళ్లు స్క్రోలింగ్ రాయడంతోనో బులెటిన్ చదవడంతోనో సరిపోతుంది.

పాత సార్ గురించి నీకున్న భయం నాకర్థమైంది. ఆయనలా మాట్లాడాలని మాత్రం చూడకు, ఆ గొంతు, ఆ నెమ్మది ఆయన వయసుకి అతికాయి. తెలుగు టీవీలో తొలి వార్తలు శాంతిస్వరూప్ గారు 1983 నవంబర్ 14న చదివారు. అప్పట్లో టెలిప్రాంప్టర్ (చదవాల్సింది కెమెరా దగ్గరే తెర మీద చూపించే యంత్రం) లేదు, స్క్రిప్టు బట్టీపట్టి కెమెరా వైపు చూస్తూ చెప్పేవారు. నీకు ప్రాంప్టర్ ఉంటుంది కానీ అది పరిచయ వాక్యాల వరకే, చర్చ మొదలయ్యాక నీకు అందులో ఏమీ కనబడదు.

అసలు పరీక్ష అక్కడే. ఒకసారి ఒక ఛానల్లో పరీక్షా ఫలితాల రోజు చర్చకి నన్ను పిలిచారు. నా పక్కనున్న ప్రిన్సిపాల్ గారు మాటల్లో "మా దగ్గర ఫెయిలయ్యేలా ఉన్నవాళ్లని మేం పరీక్షకే పంపం" అనేశారు. నేను ఉలిక్కిపడ్డాను. కొత్త యాంకర్ మాత్రం చేతిలో కాగితం చూసుకుంటూ తర్వాతి ప్రశ్న అడిగేసింది! పాపం, ఆ అమ్మాయి తప్పేమీ లేదు, చెవిలో ప్రొడ్యూసర్ టైమ్ అయిపోతోందని అరుస్తుంటాడు, ఎదుట ఫ్లోర్ మేనేజర్ వేళ్లు చూపిస్తుంటాడు, వాటి మధ్య వినడం అలవాటు కావాలి. అందుకే ప్రశ్నలు పది రాసుకోకు, నాలుగు రాసుకో. మిగతావి వాళ్ల జవాబుల్లోంచే రావాలి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి ధర మీద చర్చ అనుకుందాం, అధికారి "చర్యలు తీసుకుంటున్నాం" అంటారు. వెంటనే "ఎప్పటినుంచి సార్? నిన్న తేజ రకం క్వింటా ఎంత పలికింది?" అని అడగాలి. అలా అడగాలంటే ముందు రోజు నువ్వు మార్కెట్‌కి వెళ్లి ఉండాలి, మీ ఊళ్లోనే కదా.

ప్రభుత్వ టీవీలో అలా అడగనిస్తారా అంటావేమో. దూరదర్శన్‌ని నడిపేది ప్రసార భారతి. దాని చట్టం 1990లో వచ్చి 1997లో అమలైంది, కాగితం మీద అది స్వతంత్ర సంస్థ, డబ్బు మాత్రం ఎక్కువగా కేంద్రం నుంచే వస్తుంది, ఆ సంగతి లోపలున్న అందరికీ తెలుసు. పార్టీ పేరు పెట్టి దాడి చేయకూడదు, మతాన్ని కించపరచకూడదు వంటి ప్రసార నియమాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాటిలో ఉంటూనే తేదీ అడగొచ్చు, అంకె అడగొచ్చు, గొంతు పెంచక్కర్లేదు. నా అనుభవంలో అరిచే యాంకర్ కంటే అంకె అడిగే యాంకర్‌కే అధికారులు ఎక్కువ భయపడతారు.

ఇక గ్రూప్-2. మానొద్దు. టీజీపీఎస్సీ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150, మొత్తం 600 మార్కులు. వర్తమాన వ్యవహారాలు, తెలంగాణ ఆర్థిక వ్యవస్థ, ప్రభుత్వ పథకాలు నువ్వు చర్చకి ఎలాగూ చదవాల్సినవే. ఎపిసోడ్‌కి ప్రిపరేషన్‌తో కలిపి వారంలో రెండు రోజులు పోతాయి, ఐదు మిగులుతాయి. నాన్నగారిని ఏడాది గడువు అడుగు, ఆ లెక్క చూపించి అడిగితే కాదనరనుకుంటున్నాను. ఏడాదయ్యాక నీ ఎపిసోడ్లు రెండు మూడు నాకు పంపు, ఇంకో ఏడాది పొడిగించాలా వద్దా అప్పుడు మాట్లాడుకుందాం.

అన్నట్టు, రికార్డింగ్‌కి సన్న గళ్ల చీర వద్దు, కెమెరాలో అలలు అలలుగా కదులుతుంది. గాజులు కూడా తీసెయ్, కాలర్ మైక్‌లో నీ ప్రశ్న కంటే అవే గట్టిగా వినిపిస్తాయి.