స్వాతంత్ర్యోద్యమ స్మారక సంఘానికి నెలనెలా వక్తలను ఎలా ఎంచుకోవాలి?

మీ ఊళ్లో స్వాతంత్ర్యోద్యమ స్మృతిని నిలిపే సంఘం పెట్టుకున్నామని, మూడు నెలలకే సమావేశాలకు జనం తగ్గిపోయారని, మంచి వక్తలు ఎక్కడ దొరుకుతారని అడిగారు. చీరాలలో అటువంటి చిన్న సంఘానికి ఏడేళ్లు కార్యదర్శిగా పనిచేశాను కనుక నా అనుభవం చెబుతాను.

వక్తను వెతకడానికి ముందు అంశాన్ని చిన్నదిగా చేసుకోండి. మొదటి ఏడాది మేము పేరున్న ఉపన్యాసకులను పిలిచి జాతీయోద్యమం మీద మాట్లాడమనేవాళ్లం. వారు 1857లో మొదలుపెట్టి 1947కు చేరేసరికి గంటన్నర గడిచేది, చీరాల ప్రస్తావన రెండు వాక్యాలలో ముగిసేది. రెండో ఏడాది, పెరిగిన పురపాలక పన్నులకు వ్యతిరేకంగా మా ఊరివారు సాగించిన చీరాల-పేరాల ఉద్యమం ఒక్కదాన్నే తీసుకుని పన్నెండు నెలలకు పంచుకున్నాం.

ఒక నెల పన్నుల సంగతి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి పురపాలక సంఘం చేయడంతో, ఊరివారందరి మీద కలిపి ఏటా సుమారు 4,000 రూపాయలుండే పన్ను 40,000 రూపాయల దాకా పెరిగింది. దీని గురించి చెప్పడానికి పురపాలక కార్యాలయంలో పన్నుల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పెద్దాయనను పిలిచాం. ఇంటి పన్ను ఎంతో ఎలా నిర్ణయిస్తారో ఆయన నల్లబల్ల మీద లెక్క వేసి చూపిస్తే, ఆనాటి వారికి ఎందుకంత కడుపు మండిందో అందరికీ అర్థమైంది.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు, ఊరు విడిచి పురపాలక పరిధికి వెలుపల నివసించడం ఒక అహింసా మార్గమని సూచించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వంలో వేలాది మంది ఇళ్లు వదిలి, ఊరి వెలుపల రామనగర్ అనే చోట పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు గడిపారు. ఈ భాగానికి ఉపన్యాసకుడి కోసం వెతకలేదు. మా పేటలోని ఒక నేతగాణ్ణి వచ్చి, గుంట మగ్గాన్ని విప్పి మరో చోట నిలబెట్టాలంటే ఏమేం చేయాలో చెప్పమన్నాం. పడుగు సగంలో ఉంటే అచ్చుతో (పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి పనిముట్టుతో) సహా జాగ్రత్తగా చుట్టాలని, కొత్తచోట గుంట తవ్వి, గుంజలు పాతి, నేత మళ్లీ సాగే వరకు కూలి ఉండదని ఆయన నెమ్మదిగా వివరిస్తుంటే హాలు నిశ్శబ్దమైపోయింది. ఊరు విడవడం ఒక చేనేత కుటుంబానికి ఎంత బరువైన నిర్ణయమో ఆ సాయంత్రం తెలిసినట్లు నాకు అంతకుముందెన్నడూ తెలియలేదు.

వక్త దొరకని నెలలో పాత పత్రికలు చదవండి. మాకు దగ్గరలోని వేటపాలెంలో 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉండడం మా అదృష్టం. ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రికల పాత సంచికలు అక్కడ ఉన్నాయి. ముందుగా వెళ్లి రాసుకొచ్చిన వార్తలను ఇద్దరు విద్యార్థులు సభలో చదివేవారు.

ఇక నిర్వహణ. ప్రసంగానికి నలభై నిమిషాలు, ప్రశ్నలకు అరగంట కేటాయించండి. అధ్యక్షోపన్యాసం ఐదు నిమిషాలు మించకూడదు. శాలువా ఒక్కటి చాలు. వక్తకు ప్రయాణ ఖర్చు తప్పక ఇవ్వండి, అడిగించుకోవద్దు.

సమరయోధుల కుటుంబాలవారిని పిలిచినప్పుడు ఒక మెలకువ అవసరం. సంఘం ఒక కులానిదో, పార్టీదో, ఇంటిదో అన్న మాట ఒక్కసారి పుట్టిందంటే మిగిలినవారు రావడం మానేస్తారు. కష్టమైన ప్రశ్నలనూ దాచవద్దు. గోపాలకృష్ణయ్యగారు జైలుకు వెళ్లాక ఉద్యమం సడలి, జనం చివరికి ఇళ్లకు తిరిగి వచ్చారు కదా, అది ఓటమేనా అని ఒక పదో తరగతి అమ్మాయి అడిగింది. పెద్దలు రెండు పక్షాలుగా వాదించడంతో ఆ సమావేశం రాత్రి తొమ్మిది దాకా సాగింది, మరుసటి నెల కూడా అదే అంశాన్ని కొనసాగించాం.

మీ ఊరు ఏదో, అక్కడ ఏ సంఘటన జరిగిందో రాస్తే, మొదటి ఆరు నెలలకు అంశాలు విడదీయడంలో సంతోషంగా సాయం చేస్తాను.