చెత్తగుట్ట కింద నీటి జాడ

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. వచ్చే వారం మొదటిసారి ఒంటరిగా ల్యాండ్‌ఫిల్ (ఊరి చెత్తను పోగేసి పూడ్చే స్థలం) తనిఖీకి వెళ్తున్నావని తెలిసి సంతోషించాను. ఏమేం చూడాలో రాయమన్నావు. అక్కడ కంటికి ఆనేదంతా చెత్తే అయినా నీ పని మాత్రం నీటితో. గుట్ట మీద పడిన ప్రతి చుక్కా ఎటు పోతోందో తెలుసుకుంటే సగం తనిఖీ అయిపోయినట్టే.

చెత్తలోకి దిగిన వాన దాని సారాన్నంతా లాక్కుని అడుగుకు చేరుతుంది. అదే లీచేట్. కొత్త చెత్త నుంచి వచ్చేది ఆమ్ల గుణంతో ఉంటుంది. ఏళ్లు గడిచాక ఆ పులుపు తగ్గినా అమ్మోనియా మాత్రం పోదు. దాన్ని భూమిలోకి ఇంకనివ్వకుండా అడుగున గట్టిపరచిన బంకమట్టి, దానిపై లైనర్ అనే ప్లాస్టిక్ పొర, ఆ పైన గులకరాళ్లూ చిల్లుల గొట్టాలూ వేస్తారు. గొట్టాల ద్వారా గుంటలోకి చేరిన లీచేట్‌ను పంపు తోడిపోయాలి.

బయలుదేరే ముందు అనుమతి పత్రం రెండుసార్లు చదువు. షరతులు ఒక్కో స్థలానికి ఒక్కోలా ఉంటాయి. తర్వాత పంపు రిజిస్టరునూ వర్షపాతం లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడు. ఒకచోట జోరువానల నెలంతా రోజూ ఒకే అంకె, ఒకే సిరాతో రాసి ఉంది. అంకె పరిమితిలోనే ఉంది కదా అని సంతకం పెట్టబోయాను. ఎందుకో మనసొప్పక గుంట దగ్గరికి వెళ్లి మూత తీయించాను. పంపు ఎన్నాళ్లుగానో తిరగడం లేదు, లీచేట్ అంచుదాకా నిలిచి ఉంది. చాలాచోట్ల ప్లాస్టిక్ పొరపై లీచేట్ 30 సెంటీమీటర్లకు మించి నిలవకూడదని షరతు ఉంటుంది. అంతకన్నా పెరిగితే ఆ బరువుకు చిన్న చిల్లు చాలు, నేలలోకి దిగిపోతుంది. ఆ రోజు సంతకం పెట్టి వచ్చేసి ఉంటే దిగువన బావినీళ్లు తాగేవాళ్లకు నేనేం జవాబు చెప్పేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

వీలైతే పెద్ద వాన కురిసిన మర్నాడు వెళ్లు. గుట్ట పైకి ఎక్కకముందే పాదం చుట్టూ నడువు. వాలులో ఎర్రగానో నల్లగానో తడి మరకలు, జారుడు నాచు, ఘాటు వాసన కనిపిస్తే అది ఊట. గడ్డి ఎండిన మచ్చల దగ్గర కాస్త ఆగు. ఊట లేకపోయినా, లోపలి వాయువు వేళ్లకు ప్రాణవాయువు అందకుండా చేసినప్పుడు కూడా గడ్డి అలాగే చస్తుంది. వాననీటి కాలువలో రంగు, నురగ ఉంటే అది ఎక్కడ కలుస్తోందో ఎదురు నడిచి పట్టుకో. పైన నేల కుంగి నీళ్లు నిలిచిన గుంటలన్నీ రాసుకో. ఆ నీళ్లు రేపటి లీచేట్. చెత్తపై రోజూ కప్పే మట్టి పొర మందం కంటితో అంచనా వేయకు, తవ్వించి కొలువు.

భూగర్భ జలాన్ని పరీక్షించడానికి గుట్ట చుట్టూ వేసిన పరిశీలన బావుల దగ్గర తొందరపడకు. భూగర్భ జలం వచ్చే వైపు బావి, పోయే వైపు బావులు, ఈ రెంటినీ పోల్చి చూడటమే అసలు పరీక్ష. తాళం, మూత, చుట్టూ సిమెంటు పగుళ్లు చూసుకో. ముందు నీటిమట్టం కొలిచి, నిల్వనీరు తోడించి, ఉష్ణోగ్రత, పీహెచ్, విద్యుత్ వాహకత నిలకడగా వచ్చాకే నమూనా తియ్యి. సీసాలు మంచులో పెట్టి, చేతులు మారిన ప్రతిసారీ సంతకం తీసుకో. లీచేట్‌లో ఉండే క్లోరైడ్‌ను నేల పట్టి ఉంచదు, అది విచ్ఛిన్నమూ కాదు. అందుకే లీకును ముందుగా చెప్పేది చాలాసార్లు అదే. అయితే ఎగువ బావిలోనూ ఎక్కువగానే ఉంటే తప్పు ఇంకెక్కడైనా ఉండవచ్చు. నిందించే ముందు అది చూడు.

ఇక ఈ ఒక్క విషయంలో నా మాట కాదనకు. ఎవరు రమ్మన్నా లీచేట్ గుంటలోకి, మ్యాన్‌హోల్‌లోకి దిగవద్దు. చెత్త కుళ్లి పుట్టే మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందంటే ప్రమాదం పోయిందని కాదు తల్లీ. వాయువు కొలిచే పరికరం నీ ఒంటి మీదే ఉండాలి.

బుల్డోజర్ నడిపే ఆయనతో పది నిమిషాలు మర్యాదగా మాట్లాడు. ఏ మూల ఎప్పుడు తడిగా ఉంటుందో మేనేజరు కన్నా ఆయనకే బాగా తెలుసు. నివేదికలో మాత్రం చూసిందే రాయి. ‘లైనర్ చిరిగింది’ అని నువ్వు చూడలేదు. ‘తూర్పు వాలు పాదం దగ్గర నాలుగు మీటర్ల పొడవున నల్లటి ఊట, కాలువలోకి పారుతోంది’ అని రాసి, ఫోటో జతచేస్తే ఎవరూ కొట్టిపారేయలేరు. గేటు దాటకముందే వాళ్లకూ అది చూపించు. దాచిపెట్టి తర్వాత నోటీసు పంపడం నాకు ఎన్నడూ నచ్చలేదు. ఊట ఆ పూటే ఆగితే నేలకు మేలు.

అనుమతి పత్రం చదివాక ఫోన్ చెయ్యి. బావుల పటం ముందు పెట్టుకుని భూగర్భ నీటి వాలు ఎటుందో ఇద్దరం చూద్దాం.

ఇట్లు,
మీ పెదనాన్న