ఇంటి కారు ట్రాక్ ఎక్కే ముందు

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు ఒక హనుమకొండ మెకానిక్ జవాబులు

ప్రశ్న: అన్నా, నాది 2016 స్విఫ్ట్ పెట్రోల్. 78 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ కాజీపేట నుంచి ఆఫీసుకు వెళ్లేది, నెలకోసారి నాన్నను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకుపోయేది ఈ బండే. ఏడాదిలో ఒకటి రెండుసార్లు చెన్నై రేసు ట్రాక్ మీద నడపాలని ఉంది. అరవై వేలు దాచాను. ఒక షాపు వాళ్లు రీమ్యాప్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజన్‌కు చల్లగాలి అందించే పైపు), పెద్ద సైలెన్సర్, కిందికి దించే స్ప్రింగులు వేస్తే సరిపోతుందన్నారు. వేయించమంటారా? – ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: వద్దు తమ్ముడూ. వాళ్లు చెప్పిన నాలుగింటిలో ఒక్కటి కూడా బండిని ఆపేది లేదు. ట్రాక్ మీద ముందు కావలసింది ఆగడం.

నాకు జరిగింది చెబుతాను. పదేళ్ల కింద మొదటిసారి శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు నా సొంత స్విఫ్ట్ తీసుకుపోయాను. 1990లో మొదలైన ట్రాక్ అది, ఒక రౌండు 3.7 కిలోమీటర్లు. మూడు రౌండ్లు బాగానే తిరిగాను. నాలుగో రౌండులో పొడవైన స్ట్రెయిట్ చివర బ్రేక్ మీద కాలు పెడితే పెడల్ మెత్తగా నేలదాకా పోయింది. రెండుసార్లు పంపింగ్ చేసి, గేరు దించి, ట్రాక్ దాటి గడ్డిలోకి పోయి ఆగాను. బంపర్ పగిలింది, నాకేం కాలేదు. బండిని పక్కన పెట్టి అరగంట తర్వాత పెడల్ తొక్కి చూస్తే మామూలుగానే గట్టిగా ఉంది! కారణం ఏమిటంటే బ్రేక్ ఆయిల్. మూడేళ్లు మార్చలేదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్‌ను ఎంత నొక్కినా కుంగదు కానీ ఆవిరి కుంగిపోతుంది. కాలు వేసిన బలమంతా ఆ బుడగల్ని నొక్కడానికే పోతుంది, చక్రం దాకా రాదు. చల్లారాక ఆవిరి మళ్లీ ఆయిల్‌లో కలిసిపోతుంది, పెడల్ గట్టిపడుతుంది. అందుకే షెడ్‌లో చూపిస్తే ఎవరికీ లోపం దొరకదు.

రోడ్డు మీద ఇది ఎందుకు తెలియదంటే మనం బ్రేకుల్ని అంతగా వేడెక్కించం. 140లో పోతున్న బండిని 70కి దించామంటే వేగం సగమే తగ్గింది కానీ బండిలోని శక్తి నాలుగింట మూడు వంతులు పోవాలి. అదంతా ముఖ్యంగా ముందు రెండు డిస్కుల్లో వేడిగా మారుతుంది. హైదరాబాద్ దాకా పోయినా రెండు మూడుసార్లకు మించి చేయని పనిని ట్రాక్ మీద రౌండుకు నాలుగైదుసార్లు చేస్తాం. డిస్క్ చల్లారకముందే మళ్లీ తొక్కుతాం.

కాబట్టి మొదటి ఖర్చు బ్రేక్ ఆయిల్. సీసా మీద డాట్ అని రాసి ఉండే అంకె ఆయిల్ రకాన్ని చెబుతుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక దానికి పెట్టిన కనీస పరిమితి 155 డిగ్రీలే. డాట్ 5.1కు ఇవి 260, 180. డాట్ 5 అని అంకె దగ్గరగా ఉన్నది సిలికాన్ ఆయిల్, అది మీ బండిలో పోయకండి. సీల్ తీయని సీసాలే కొనండి, సగం వాడి మూత పెట్టిన సీసా ఎంత మంచి కంపెనీదైనా పనికిరాదు. మార్చేటప్పుడు దగ్గరే నిలబడి చూడండి. ట్యాంకులో పాతది లాగేసి కొత్తది పోస్తే అయిపోయినట్టు కాదు, నాలుగు చక్రాల దగ్గరా నిప్పుల్‌కు (ఆయిల్ బయటికి తీసే చిన్న మరకు) తెల్ల పైపు పెట్టి బయటికి తీయాలి. పాత ఆయిల్ టీ డికాషన్ రంగులో వస్తుంది. లేత తేనె రంగు వచ్చి, పైపులో బుడగ ఒక్కటి కూడా కనిపించనప్పుడే నిప్పుల్ బిగించాలి. అర లీటరు సీసాలు రెండు పడతాయి. మజూరీతో కలిపి రెండు వేల చిల్లరలో అయిపోతుంది. మీ అరవై వేలల్లో అన్నిటికన్నా విలువైన రెండు వేలు అవే.

తర్వాత ముందు డిస్క్ ప్యాడ్లు. రోడ్డుకూ ట్రాక్‌కూ రెండిటికీ పనికొచ్చే రకం అడగండి. పూర్తి రేస్ ప్యాడ్లు వేయించుకోవద్దు. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే నాన్నను కూర్చోబెట్టుకుని వీధి మలుపు తిరిగేటప్పుడు చల్లటి ప్యాడ్లు పట్టకపోతే ఎట్లా? కొత్త ప్యాడ్లు వేశాక తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, వెనక బండి లేదని చూసుకుని, 60 నుంచి 10కి ఓ పదిసార్లు నెమ్మదిగా దించండి, పూర్తిగా ఆపొద్దు. ఆ తర్వాత బ్రేక్ పెద్దగా తొక్కకుండా పది నిమిషాలు నడిపి చల్లారనివ్వండి. ఇది చేయకుండా నేరుగా ట్రాక్ మీదికి పోతే ప్యాడ్ జారినట్టు అవుతుంది. వెనక డ్రమ్ముల్లో లైనర్లు (లోపల రాసుకునే బ్రేక్ పట్టీలు) బాగుంటే చాలు.

టైర్లు మూడోది. పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. బటన్ (నేలను తాకే గాడుల భాగం) ఎంత ఉన్నా ఆరేళ్లు దాటిన టైరుతో వెళ్లకండి. రబ్బరు గట్టిపడుతుంది. కంపెనీ సైజులోనే మంచి రోడ్డు టైర్లు నాలుగూ ఒకే రకం వేయించండి. పాతిక, ముప్పై వేలు అవుతుంది. ఈ ఖర్చు రోజూ ఆఫీసుకు పోయేటప్పుడు కూడా వానలో మిమ్మల్ని కాపాడుతుంది.

ఇక షాపు వాళ్లు చెప్పినవి. మీ ఇంజన్ 83 హార్స్‌పవర్, టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే భాగం) లేదు. టర్బో ఉన్న బండికి రీమ్యాప్ చేస్తే తేడా కాలికి తెలుస్తుంది, మీ దానికి చేస్తే మాత్రం తెలిసేంత రాదు. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అని బంపర్ కిందికి దించే పైపు గురించి నాకు నిజంగానే భయం. మన నయీంనగర్ రోడ్డు మీద గట్టి వాన పడితే నీళ్లు ఎంత లోతు నిలుస్తాయో మీకు తెలుసు. ఆ పైపు నోట్లోకి నీళ్లు పోతే ఇంజన్ గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. నీళ్లు కుంగవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అట్లా వంగిన రాడ్లు మా షెడ్ మూలన రెండున్నాయి. స్ప్రింగులు దించితే మన స్పీడ్ బ్రేకర్లకు అడుగు కొట్టుకుంటుంది. ఉన్న స్ప్రింగును కోయిస్తే ఇంకా ప్రమాదం, గుంతలో చక్రం కిందికి జారినప్పుడు స్ప్రింగు తన చోటి నుంచి తప్పుకోవచ్చు. 78 వేలు తిరిగిన బండికి లోయర్ ఆర్మ్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు చూపించండి. అరిగినవి మార్చితేనే బండి కొత్తదిలా తిరుగుతుంది.

లోపల రోల్ కేజ్ (బండి బోల్తా పడితే కాపాడే ఇనుప పైపుల చట్రం) వేయించాలని ఎవరైనా అంటే వినకండి. హెల్మెట్ లేకుండా రోజూ కూర్చునే బండిలో తల పక్కన ఇనుప పైపు ఉండకూడదు.

రేడియేటర్ ముందు ఏసీ జాలిని టార్చ్ వేసి చూడండి. ఎనుమాముల మార్కెట్ వైపు పత్తి సీజన్‌లో తిరిగే బండ్లకు ఆ జాలి నిండా దూది, పురుగులు ఉంటాయి. తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగిస్తే చాలు, ఇంజన్ వేడి చూపే మీటరు ముల్లు పైకి పోదు. ఇంజన్ ఆయిల్ కొలిచే కడ్డీ మీద పై గీత దగ్గర ఉండాలి, గీత దాటకూడదు. పొడవైన మలుపుల్లో ఆయిల్ అంతా ఒక పక్కకు పోతుంది, తక్కువగా ఉంటే పంపుకు అందదు.

ఇవన్నీ అయ్యాక కూడా మీ దగ్గర పది వేలకు పైగా మిగలాలి. దాంతో ట్రాక్ ఫీజు కట్టండి, పక్కన కూర్చుని నేర్పే ఇన్‌స్ట్రక్టర్ ఉంటే తప్పకుండా తీసుకోండి. ఎక్కడ బ్రేక్ వేయాలో, చూపు ఎక్కడ పెట్టాలో ఆయన చెప్పిన గంటలో మీ రౌండు టైము తగ్గినంతగా ఏ సైలెన్సరూ తగ్గించలేదు.

ప్రశ్న: ట్రాక్ మీద టైర్లలో గాలి ఎంత పెట్టాలి? ఒకాయన తక్కువ పెట్టమన్నాడు, ఇంకొకాయన 40 పెట్టమన్నాడు. – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: డ్రైవర్ డోర్ దగ్గరి స్టిక్కర్ మీద ఉన్న అంకెతో చల్లటి టైర్లలో మొదలుపెట్టండి. నాలుగైదు రౌండ్లకే టైరు వేడెక్కి నాలుగు నుంచి ఆరు పాయింట్లు తనంతట తానే పెరుగుతుంది. సొంత గేజ్ తీసుకుపోండి, బంకు మీటర్లు ఒకదానికొకటి కలవవు.

ఇంకో పని చేయండి. స్కూల్ చాక్‌పీస్ తీసుకుని, టైరు బటన్ ముగిసి పక్క గోడ మొదలయ్యే అంచు మీద మూడు చోట్ల అడ్డంగా గీతలు గీయండి. రౌండ్లు తిరిగొచ్చాక చూడండి. అంచు దాటి పక్క గోడ మీది గీత కూడా చెరిగిపోతే గాలి తక్కువై టైరు పక్కకు పడుకుంటోంది, రెండు పాయింట్లు పెంచండి. బటన్ వైపు గీత కూడా చెరగకుండా మిగిలితే గాలి ఎక్కువైంది, కొంచెం వదలండి. గీత సరిగ్గా అంచు దాకా చెరిగిందంటే ఆ అంకె రాసి పెట్టుకోండి. ఏ మనిషి చెప్పిన అంకె కన్నా ఆ చాక్‌పీస్ గీతే నిజం చెబుతుంది.

చాలామంది మరిచేది ఒకటుంది. వేడి మీద గాలి వదిలిన టైర్లు సాయంత్రానికి చల్లారితే స్టిక్కర్ అంకె కన్నా బాగా కిందికి పోతాయి. అట్లాగే నెల్లూరు హైవే ఎక్కి ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు రాకండి. బయలుదేరే ముందు నింపండి. వీల్ నట్లు కూడా అప్పుడే బిగుతు చూడండి. ట్రాక్ దిగిన వెంటనే హ్యాండ్ బ్రేక్ లాగొద్దు, వేడి డ్రమ్ముకు లైనర్ అతుక్కుంటుంది. గేరులో పెట్టి చక్రానికి రాయి పెట్టండి.

ప్రశ్న: ట్రాక్ మీద బండికి దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ వస్తుందా? మార్పులు చేయిస్తే పోలీసులు ఆపుతారా? – ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: పాలసీ కాగితం తీసి బండి ఏయే పనులకు వాడొచ్చో రాసిన భాగం చదవండి. నిర్వాహకులు పెట్టే రేసులు, స్పీడ్ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్ లాంటివాటికి వర్తించదని అందులో ఉంటుంది. మాది రేసు కాదు, ప్రాక్టీసే అని మీరు అనొచ్చు, కానీ ఆ మాట నమ్ముకుని పోవద్దు. మీ కంపెనీని లెటర్ రాసి అడిగి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. రాకపోతే, ట్రాక్ మీద ఏం జరిగినా ఖర్చు నాదే అనుకుని ఆ డబ్బు ఉంటేనే వెళ్లండి. లోన్ తీరని బండితో వెళ్లొద్దనే నా సలహా.

మార్పుల విషయానికొస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ తయారు చేసిన లెక్కకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు శిక్ష కూడా పెట్టారు. మోత పెట్టే సైలెన్సర్లు దీని కిందికే వస్తాయి. ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, కంపెనీ సైజు టైర్లు మామూలు సర్వీసు కిందే పోతాయి.

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (కరెంటు కార్ల) రేసు చూసొచ్చినప్పటి నుంచి ఇదే ధ్యాస. మేం వద్దంటే రాత్రిపూట హైవే మీదికి బండి తీసుకుపోతున్నాడు. నిద్ర పట్టడం లేదు. ట్రాక్‌కు పంపమంటారా? – ఒక తల్లి, జనగామ

జవాబు: పంపండి అక్కా. ఆ హైవే మీద రాత్రిపూట వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, రాంగ్ రూట్లో వచ్చే బైకులు, అడ్డంగా దాటే బర్రెలు ఉంటాయి. ఎంత బాగా నడిపినా అవి అతని చేతిలో లేవు. ట్రాక్ మీద ఎదురు బండి రాదు, జారితే గడ్డిలోకి పోయే చోటు ఉంటుంది, తప్పు చేస్తే జెండా చూపించి ఆపుతారు. డబ్బు కట్టే ముందు నిర్వాహకులను మూడు విషయాలు అడగండి: అంబులెన్స్, డాక్టర్ అక్కడే ఉంటారా, కొత్తవాళ్లను వేరుగా తిప్పుతారా, ఏ హెల్మెట్ ఒప్పుకుంటారు. ముఖమంతా మూసే హెల్మెట్, నిండు చేతుల కాటన్ చొక్కా, పలుచటి అడుగున్న బూట్లు కావాలి. పక్క సీట్లో స్నేహితుణ్ని ఎక్కించుకోకూడదని మాట తీసుకోండి. చెన్నై దాకా ఒక్కడే నడిపి, అలసటతో ట్రాక్ ఎక్కడం కూడా వద్దు. ముందు రోజు చేరి నిద్రపోవాలి.

అంతకన్నా ముందు బండితో అతన్ని ఒక ఆదివారం నా దగ్గరికి పంపండి. ములుగు రోడ్డు మీది షెడ్‌కు పొద్దున ఎనిమిదికి రమ్మనండి. బ్రేక్ ఆయిల్ అతని చేతే తీయిస్తాను. తెల్ల పైపులో డికాషన్ రంగు దిగడం, తర్వాత తేనె రంగు రావడం తన కళ్లతో చూస్తాడు.