మందబయల్లో ఇళ్ల స్థలాలు: ఊరు వద్దంటే చట్టం వింటుందా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. చెరువును ఆనుకుని ఇరవై ఎకరాల దాకా మందబయలు ఉంది. ఊరి గొర్రెలు, బర్రెలు అక్కడే మేస్తాయి. చెరువుకు నీళ్లు తెచ్చే వాగు దాని మధ్యగానే పారుతుంది. ఇప్పుడు అందులో తొమ్మిది ఎకరాలు తీసుకుని 120 కుటుంబాలకు ఇళ్ల స్థలాలు ఇస్తామంటూ సర్వేయరు వచ్చి రాళ్లు పాతి వెళ్లారు. గ్రామసభ పెడితే వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఆ చోటు వద్దన్నారు. కానీ హాజరు కోసం మాతో పెట్టించుకున్న సంతకాల పైన ‘ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని రాసుకున్నారని తర్వాత తెలిసింది. స్థలాలు కావాలనేవాళ్లు మమ్మల్ని పేదల నోటికాడి కూడు తీసేవాళ్లని తిడుతున్నారు. ఊళ్లో టెన్షన్‌గా ఉంది. ఊరు వద్దంటే ప్రభుత్వం ఆగాలా? కోర్టుకు వెళ్తే నిలబడుతుందా? హైదరాబాద్‌లో పని చేసుకుంటున్న మా తమ్ముడు కూడా అభ్యంతరం చెప్పవచ్చా?

జవాబు: ఊళ్లో ఎక్కువమంది వద్దన్నారు కాబట్టి ప్రభుత్వం ఆగిపోవాలనే నియమం మైదాన ప్రాంతంలో లేదు. ఇది ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే చాలా ఊళ్లు ఈ ఒక్క వాదన మీదే ఆధారపడి కోర్టుకు వెళ్లి నష్టపోతాయి. మీ అసలు బలం ఆ భూమి రెవెన్యూ రికార్డులో ఏ పేరుతో ఉందన్న దాంట్లో ఉంది. మీ అభ్యంతరం ఆ రికార్డును పట్టుకుని, సమయానికి, కాగితం మీద వెళ్తే దాన్ని పక్కన పడేయడం ఏ అధికారికీ తేలిక కాదు.

మీరు ‘మందబయలు’ అని ఒక్క మాటలో రాశారు గానీ, అక్కడ చట్టం దృష్టిలో రెండు రకాల భూమి ఉంది. ఒకటి పశువుల మేత కోసం వదిలిన పోరంబోకు, అంటే ఊరి ఉమ్మడి అవసరాలకు ఉంచిన ప్రభుత్వ భూమి. రెండోది చెరువు, వాగు పోరంబోకు. ఈ రెండిటికీ రక్షణ ఒకే స్థాయిలో లేదు. పాతిన రాళ్లు వీటిలో ఎక్కడెక్కడ పడ్డాయో ముందు తేల్చుకోవాలి.

మేత పోరంబోకు సంగతి చూద్దాం. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ ప్రకారం మేత భూములు, కళ్లాలు, శ్మశానాలు, మందలు నిలిపే చోట్లు, తోపులు వంటి పోరంబోకులు గ్రామ పంచాయతీకి దఖలు పడి ఉంటాయి. అంటే వాటి బాగోగులు చూడాల్సింది పంచాయతీ. అయితే ప్రత్యేకమైన అవసరం వస్తే నోటిఫికేషన్ ఇచ్చి వాటిని వెనక్కి తీసుకునే అధికారం ప్రభుత్వానికి ఆ సెక్షన్‌లోనే ఉంది. కాబట్టి ‘ఇది పంచాయతీ భూమి, ప్రభుత్వం ముట్టుకోకూడదు’ అంటే నిలవదు. ‘పద్ధతి ప్రకారం వెనక్కి తీసుకున్నారా?’ అని అడిగితే నిలుస్తుంది. మేత భూమి తరగతిని తహసీల్దారు ఒక్కరే మార్చేసి పట్టాలు పంచలేరు. పై అధికారులకు ప్రతిపాదన వెళ్లాలి, పంచాయతీ అభిప్రాయం తీసుకోవాలి, ఏ-1 నోటీసు వేసి ఊళ్లో అభ్యంతరాలు అడగాలి. నోటీసు గోడకు అంటించారా, దండోరా వేయించారా, గడువు ఎంత ఇచ్చారు అన్నవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి. పట్టాలు నిలవడం, రద్దు కావడం చాలాసార్లు వీటి మీదే తేలుతుంది.

చెరువు, వాగు దగ్గరికి వస్తే మీ పక్షం చాలా గట్టిది. హించ్ లాల్ తివారీ కేసులో 2001లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది సరిగ్గా ఇలాంటి తగాదానే. ఉత్తరప్రదేశ్‌లో రికార్డుల్లో చెరువుగా ఉన్న భూమిని ఇళ్ల స్థలాలకు కేటాయించారు. కొంత భాగం పూడి మెరక అయింది కదా, ఇళ్లకు పనికొస్తుంది కదా అన్న వాదన కింది స్థాయిలో నెగ్గింది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చెరువులు, కుంటలు, గుట్టలు, అడవులు జనం బతుకును కాపాడే ప్రకృతి సంపద అనీ, చెరువును చెరువుగానే నిలబెట్టాలనీ చెప్పి ఆ కేటాయింపును రద్దు చేసింది. ‘పదేళ్లుగా ఈ వాగులో నీళ్లు పారలేదు’ అని మీ ఊళ్లో ఎవరైనా అంటే దానికి జవాబు ఈ తీర్పులోనే ఉంది.

మనకు ఇంకా దగ్గరి కేసు తిరుపతిది. అవిలాల చెరువు, పేరూరు చెరువు భూములను ప్రభుత్వం ఇళ్ల నిర్మాణానికి ఇస్తే ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది. చెరువుల వంటి వాటికి ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమే అన్న సూత్రాన్ని ఆ రెండు చెరువులకూ వర్తింపజేసింది. ఇకపై అక్కడ కొత్త కట్టడాలు వద్దంది. కానీ ఒక్కటి గమనించండి. అప్పటికే కట్టిన ఇళ్లను కూల్చమనలేదు. ప్రతి ఇంటికీ వాన నీటిని పట్టే ఏర్పాటు ఉండాలన్న షరతుతో వాటిని ఉండనిచ్చింది. ఇళ్లు లేచాక గెలిచినా చెరువుకు పోయిన నేల పూర్తిగా తిరిగి రాలేదు. మీ ఊళ్లో ఇప్పటికి పడింది రాళ్లే. మీరు కదలాల్సింది ఇప్పుడే.

మీకు ఎదురొచ్చే తీర్పులు కూడా చెప్పాలి, అవతలి లాయరు ఎలాగూ చెబుతారు. ఊరి ఉమ్మడి భూముల గురించి అందరూ చూపించే జగ్‌పాల్ సింగ్ కేసు 2011 నాటిది. పంజాబ్‌లో ఊరి చెరువును పూడ్చి ఇళ్లు కట్టినవాళ్లను ఖాళీ చేయించాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఎంత ఖర్చు పెట్టి కట్టామన్నా, ఎన్నేళ్లుగా ఉన్నామన్నా, రాజకీయ పలుకుబడి ఉన్నా అది సాకు కాదంది. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించే పథకాలు తయారు చేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. అయితే భూమి లేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వ ఉత్తర్వుల మీద ఇచ్చినవాటిని, బడి, ఆసుపత్రి వంటి ప్రజావసరాలు అప్పటికే ఉన్నచోట్లను మినహాయింపుగా చూడవచ్చని కూడా అదే తీర్పులో ఉంది. మరోపక్క ఛమేలీ సింగ్ కేసులో 1995లో అదే కోర్టు, తలదాచుకునే గూడు జీవించే హక్కులో భాగమని చెప్పి, దళితుల ఇళ్ల కోసం చేసిన భూసేకరణను సమర్థించింది.

అందుకే మీ 120 కుటుంబాలను అవతలి పక్షంగా చూడవద్దని నా సలహా. ఒకే ఇంట్లో మూడు సంసారాలు ఉంటున్నవాళ్లు ఇంటి స్థలం అడగడంలో తప్పేమీ లేదు. మీ అభ్యంతరం ‘ఇళ్లు వద్దు’ అన్నట్టు ఉంటే కోర్టులోనూ, ఊళ్లోనూ ఓడిపోతారు. ‘ఇళ్లు ఇవ్వండి, ఈ చోట కాదు, ఇదిగో ఇంకో చోటు’ అన్నట్టు ఉండాలి. లెక్క కూడా చూడండి. ఇప్పుడు పల్లెల్లో ఇస్తామంటున్నది కుటుంబానికి మూడు సెంట్లు. 120 కుటుంబాలకు 3 ఎకరాల 60 సెంట్లు. రోడ్లు, కాలువలు, అంగన్‌వాడీకి కలిపి ఐదారు ఎకరాలు సరిపోవచ్చు. తొమ్మిది ఎకరాలు ఎందుకు కొలిచారని అడగండి. లేఅవుట్ నక్షా చూపించమనండి. వాగును, చెరువు నీళ్లు నిలిచే మేరను వదిలేస్తే మిగిలిన మెరక మీద సర్దుకుంటుందా, లేక ఊరికి ఇంకో పక్క ప్రభుత్వ బంజరు ఉందా అని మీ ఊరి పటంలో వెతకండి. సర్వే నంబరుతో సహా ప్రత్యామ్నాయం చూపించిన అర్జీకి ఉన్న బరువు ఉత్తి అభ్యంతరానికి ఉండదు.

ప్రభుత్వ భూమి దొరక్కపోతే పట్టా భూమి సేకరించవచ్చు. దానికి 2013 భూసేకరణ చట్టం ఉంది. ప్రాథమిక ప్రకటన వచ్చాక భూమిలో హక్కు ఉన్నవాళ్లు 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చు, వారిని కలెక్టరు పిలిచి వినాలి. ఏజెన్సీ ప్రాంతాల్లో అయితే 1996 నాటి పెసా చట్టం (గిరిజన ప్రాంతాల పంచాయతీల చట్టం) వల్ల సేకరణకు ముందే గ్రామసభను సంప్రదించడం తప్పనిసరి. మీ ఊరికి అది వర్తించదు.

ఇక గ్రామసభ కాగితం సంగతి. గ్రామసభ వేరు, గ్రామ పంచాయతీ సమావేశం వేరు. ఊరి ఓటర్ల జాబితాలో పేరు ఉన్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. రాజ్యాంగం 243వ అధికరణం ఇచ్చిన నిర్వచనం ఇది, రాష్ట్ర చట్టంలో 6వ సెక్షన్ దీని గురించే. పంచాయతీ తీర్మానం మాత్రం సర్పంచి, వార్డు సభ్యులు చేసేది. మీ దగ్గర జరిగింది ఏది? ఫైలులో ఏది పెట్టారు? ముందు ఇది తెలియాలి.

సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెట్టండి. ఊరి స్థాయి కార్యాలయంలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పంచాయతీ కార్యదర్శిని గ్రామసభ నోటీసు, మినిట్స్ పుస్తకంలోని ఆ పేజీలు, హాజరు సంతకాల నకలు అడగండి. తహసీల్దారు కార్యాలయంలో ఆ సర్వే నంబర్ల అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు), ఎఫ్‌ఎంబీ (భూమి కొలతల పటం), పాత సెటిల్‌మెంట్ రిజిస్టరు (ఏ భూమి ఏ తరగతో మొదట రాసిన పుస్తకం) నకలు, ఏ-1 నోటీసు, తరగతి మార్పు కోసం పైకి పంపిన ప్రతిపాదన అడగండి. పాత రిజిస్టరు మరిచిపోవద్దు. కొత్త అడంగల్‌లో ఏం రాసినా, సెటిల్‌మెంట్ నాడు వాగు అని రాసి ఉంటే దానికి జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లే.

మినిట్స్‌లో తప్పు రాశారన్నది నోటితో చెబితే చాలదు. ఆ రోజు వద్దన్నవాళ్లు ఎవరికి వారు ‘నేను హాజరైనందుకు మాత్రమే సంతకం చేశాను, ఆమోదించలేదు, నా అభ్యంతరం ఇది’ అని విడివిడిగా రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇవ్వాలి. వేలిముద్ర వేసేవాళ్లకు చదివి వినిపించామని ఒక సాక్షి రాయాలి. అందరూ ఒకే జిరాక్సు మీద సంతకాలు పెడితే ఎవరో రాయించారంటారు. గొర్రెల కాపరి తన మంద సంగతి, చెరువు కింద రైతు తన మడి సంగతి, తమ మాటల్లో తామే రాయనివ్వండి. వీటిని కార్యదర్శికి, తహసీల్దారుకు, ఆర్డీవోకు ఇచ్చి రసీదు తీసుకోండి. తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక ప్రతి ఇచ్చి నంబరు తీసుకోండి. మీ తమ్ముడి పేరు ఇంకా ఊరి ఓటర్ల జాబితాలోనే ఉంటే ఆయనా రాయవచ్చు. పేరు హైదరాబాద్‌కు మారి ఉంటే గ్రామసభ సభ్యుడు కాడు. మామూలు అర్జీ పెట్టుకోవచ్చు గానీ, దాన్ని గ్రామసభ సభ్యుల అభ్యంతరాలతో కలపకండి.

ఒక హెచ్చరిక. ‘ఫలానా వాడవాళ్లు మా ఇళ్ల దగ్గరికి వస్తారు’ అన్న మాట మీ అర్జీల్లో ఒక్కచోట కనిపించినా, మీ చెరువు వాదన మొత్తం దాని కింద సమాధి అవుతుంది. అది న్యాయమైన మాట కూడా కాదు. స్థలం అడిగిన ఎస్సీ, ఎస్టీ కుటుంబాలను పనికి పిలవకపోవడం, కొట్లో సరుకు ఇవ్వకపోవడం, అలా చేస్తామని బెదిరించడం 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద నేరాలు. మీ గుంపులో అలా మాట్లాడేవాళ్లు ఉంటే ఈరోజే ఆపండి. సర్వే రాళ్లు పీకడం కూడా నేరమే. రాళ్లకు, గట్లకు, వాగుకు, చెరువులో నీళ్లు ఉంటే దానికీ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి, రాళ్ల జోలికి మాత్రం వెళ్లకండి.

కోర్టు విషయం. అర్జీలు ఇచ్చి రసీదులు చేతికొచ్చాక కూడా చదును పని మొదలైతే, లేదా పట్టాలు ఇవ్వబోతున్నారని తెలిస్తే, అమరావతిలోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ (ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయవచ్చు. మీ సొంత మేత, నీటి హక్కుకు దెబ్బ తగిలితే మామూలు రిట్, ఊరందరి తరఫున అయితే ప్రజాప్రయోజన వ్యాజ్యం. ఆర్టీఐ జవాబు కోసం 30 రోజులు ఆగేలోపే పొక్లెయిన్ దిగితే ఆగకండి, ఉన్న కాగితాలతోనే వెళ్లండి. పట్టాలు ఇచ్చేశాక వెళ్తే ఆ 120 మందినీ కేసులో పార్టీలుగా చేర్చాలి, వాళ్లను వినకుండా వాళ్ల పట్టాలు రద్దు చేయమంటే కోర్టు ఒప్పుకోదు. ఖర్చు పెరుగుతుంది, కాలం సాగుతుంది, ఊళ్లో పగ ముదురుతుంది.

లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మీ ఊళ్లో గొర్రెలు కాసే ఆడవాళ్లు ఉంటే వారి పేరుతోనే అడగవచ్చు. హైకోర్టు కేసులకు హైకోర్టు న్యాయ సేవల కమిటీ ఉంది. కేసులో మొదటి కోరికగా ‘ఈ తొమ్మిది ఎకరాల్లో వాగు, చెరువు మేర ఎంతో మా సమక్షంలో కొలిపించి, అది తేలేదాకా పని ఆపాలి’ అని పెట్టమని మీ లాయరుకు చెప్పండి. ఆ కోరికతో స్థలాలు అడిగేవాళ్లకు కూడా నష్టం లేదు. రేపు వరద వచ్చి ఇల్లు మునిగితే ఇబ్బంది పడేది ముందు వాళ్లే కాబట్టి, వారిలో ఇద్దరు ముగ్గురైనా మీతో కలిసి సంతకం చేస్తారేమో అడిగి చూడండి.