ఆ కొండమీద రాజెవరు?

చిరంజీవి సౌజన్యకు,

గెలాడా కోతుల మీద నువ్వు రాసిన వ్యాసం మూడో పేరా దాకా హాయిగా చదివాను. అక్కడ "రాజుగారి అంతఃపురం" అని కనబడింది. కాగితాలు పక్కన పడేసి కాఫీ పెట్టుకోవడానికి లేచాను.

ఇథియోపియా కొండల మీద గడ్డి మేసే ఆ గెలాడా కోతుల్లో రాజెవరమ్మా? జూలు, ఛాతీ మీద ఎర్రటి మచ్చ ఉన్న మగకోతి ఒకటి గుంపులో ఉంటుంది, నిజమే. ఫొటోలన్నీ వాడివే. కానీ ఆడవి పుట్టిన గుంపులోనే ఉండిపోతాయనీ, అవన్నీ తల్లీకూతుళ్ళూ అక్కచెల్లెళ్ళేననీ నువ్వే రాశావు. వాడు బయటినుంచి వచ్చినవాడు, ఇల్లరికపు అల్లుడు. మరి పెత్తనం వాడికెందుకు కట్టబెట్టావు? 1970లలో సిమియెన్ కొండల్లో వీటిని గమనించిన రాబిన్ డన్‌బార్ ఏం చెప్పాడు? కొత్త మగవాడు పోటీకి వస్తే, ఆడవాళ్ళు ఎటు మొగ్గితే గెలుపు అటేనని.

పొద్దులో సగానికి పైగా వాటికి కూర్చుని గడ్డి పీక్కు తినడంతోనే సరిపోతుంది. మిగిలిన కాస్త తీరికలో ఎవరు ఎవరి పేలు చూస్తున్నారో అక్కడ మొదలుపెట్టు. సాయంత్రం వందల కోతులు కలిసి కొండచరియ అంచుల్లోకి నిద్రకు దిగడం ఆ తర్వాత రాయి. నేను ఏళ్ళ తరబడి చెబుతున్నా ఎవరూ వినడం లేదు.

నా రోజుల్లో ఒక ఎడిటర్ ఉండేవాడు. ఆయనకి జంతువంటే నీతికథే. గుడిమెట్ల కోతుల మీద నేను రాసిన వ్యాసం చివర "ఐకమత్యమే మహాబలం" అని తనే అతికించాడు. పాఠకుల ఉత్తరాలన్నీ ఆ ఒక్క వాక్యాన్నే మెచ్చుకున్నాయి. ఇంటద్దె కట్టాల్సిన నెల, నోరు మూసుకున్నాను. ఆ పత్రిక పోయింది, జబ్బు పోలేదు. ఇప్పుడు వీడియోల్లో "కోతులు నేర్పే 5 పాఠాలు" అంటున్నారు.

ఓడిపోయిన మగకోతి గుంపును వదలకుండా, తన పిల్లల దగ్గరే ఓ పక్కన మేస్తూ ఉండిపోతుందని రాశావే, అది రెండోసారి కూడా చదివాను. కానీ ఎందుకు ఉండిపోతుందో దాటేశావు. కొత్తవాడు వచ్చాక పసిపిల్లల్ని చంపుతాడు. కడుపుతో ఉన్న ఆడవాటిలో చాలావాటికి గర్భం పోతుందని 2012లో పరిశోధకులు తేల్చారు. చదివేవాళ్ళు బాధపడతారని తీసేశావా? అది లేకపోతే ఆ ముసలి మగకోతి కాపలాకు అర్థమేముంది?

ఇథియోపియాలోనే ఉన్న గువాసా పచ్చికబయళ్ళలో తోడేళ్ళు ఈ కోతుల మధ్య తిరగడాన్ని స్నేహం అనకు. అవి ఎలకల కోసం వస్తాయి. ఒంటరిగా వేటాడితే 25 శాతం సార్లు దొరికే ఎలక, కోతుల మధ్య 67 శాతం సార్లు దొరుకుతోందని 2015లో లెక్కగట్టారు. ఆ అంకెలే వేయి, చాలు.

పారితోషికం ఎంతిస్తారనీ, ఏ పత్రికకి పంపాలనీ అడిగావు. ఆ సంగతి ఇంకెప్పుడైనా. ముందు మూడో పేరా, "మనమూ నేర్చుకుందాం" అన్న చివరి పేరా కొట్టేసి మళ్ళీ పంపు. ఫొటో మగకోతిది మాత్రం పెట్టకు.

ఆశీస్సులతో