ఇంట్లో వాయిద్య సాధన: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఆరు నెలలుగా వయొలిన్ నేర్చుకుంటోంది. క్లాసులో బాగానే పలుకుతోందని గురువుగారు అంటున్నారు. ఇంట్లో మాత్రం పెట్టె తీస్తే చాలు కీచుమంటుంది. పది నిమిషాలకే చెయ్యి నొప్పంటుంది. ఇది బద్ధకమా, నిజంగానే ఇబ్బందా? మా ఇద్దరికీ సంగీతం రాదు.

జవాబు: క్లాసులో పలికిన వయొలిన్ ఇంట్లో కీచుమంటోందంటే ముందు అనుమానించాల్సింది పిల్లను కాదు, వయొలిన్‌ను. క్లాసులో గురువుగారు తీగలు శ్రుతి చేసి, తీగల మీద లాగే కమాను బిగించి, చేతికిస్తారు. ఇంట్లో ఆ రెండు పనులూ చేసేవాళ్లు లేరు. సంగీతం రాకపోయినా కళ్లతో చూసి పట్టుకోగల తప్పులే ఇందులో ఎక్కువ.

మొదట కమాను. బిగించాక దాని నడుమ భాగంలో వెంట్రుకలకూ కర్రకూ మధ్య పెన్సిల్ పట్టేంత సందు ఉండాలి. కర్ర తన సహజమైన లోవంపు పోయి నిటారుగా సాగిందంటే ఎక్కువ బిగించారని. వాయించడం అయ్యాక మరలా వదులు చేయాలి, లేదంటే కొన్నాళ్లకు కర్ర వంకర తిరుగుతుంది. వెంట్రుకలను వేళ్లతో ముట్టుకోనివ్వకండి. చేతి జిడ్డు అంటుకున్న చోట రోజిన్ (తీగ మీద పట్టు కోసం వెంట్రుకలకు రాసే బిళ్ల) పట్టదు, కమాను అక్కడ జారిపోతుంది. కొత్త రోజిన్ బిళ్ల అద్దంలా నున్నగా ఉంటుంది కాబట్టి ఎంత రాసినా వెంట్రుకలకు అంటదు. సన్నని గరుకు కాగితంతో పైన కాస్త గీరితే అంటుతుంది. ఒకసారి పట్టాక రోజూ నాలుగైదు సార్లు పైనుంచి కిందికి రాస్తే సరిపోతుంది. తీగల కింద తెల్లటి పొడి రాలుతూ, శబ్దం గరగరలాడుతుంటే రోజిన్ ఎక్కువైందన్నమాట. ఆ పొడిని పొడి బట్టతో తుడవండి, తడి బట్టతో కాదు.

తరువాత బ్రిడ్జి, అంటే తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్క ముక్క. వయొలిన్‌ను కళ్ల ఎత్తుకు తెచ్చి పక్కనుంచి చూడండి. తీగలు బిగించినప్పుడల్లా బ్రిడ్జి పై అంచు కొద్దికొద్దిగా బిరడాల (తీగలు బిగించే మరల) వైపు ఒరుగుతుంది. తోక పలక (తీగల కింది కొసలు తగిలించే పలక) వైపున్న దాని ముఖం వయొలిన్ పైచెక్కకు నిలువుగా ఉండాలి. ఒరిగిందని తెలిస్తే మీరే సరిచేయబోకుండా ఒకసారి గురువుగారి చేత చేయించి, ఎలా పట్టుకున్నారో చూసుకోండి. తీగలన్నీ ఒకేసారి వదులు చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. బ్రిడ్జి పడిపోతుంది, లోపల కేవలం ఒత్తిడి మీద నిలబడే సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర కూడా పడిపోవచ్చు. దాన్ని మళ్లీ నిలబెట్టడం ఇంట్లో అయ్యే పని కాదు.

చెయ్యి నొప్పికి చాలాసార్లు కారణం సైజు. 'పెరిగే పిల్ల కదా' అని బట్టలు కొన్నట్టు ఒక సైజు పెద్దది కొనేస్తారు. అర సైజు అంటే సగం పొడవు అనుకోకండి. మెడ, తల కాకుండా పూర్తి సైజు వయొలిన్ చెక్క డొల్ల పొడవు సుమారు 14 అంగుళాలు, ముప్పావుది 13కు కాస్త పైన, అర సైజుది 12కు కాస్త పైన. చూడ్డానికి అంగుళం తేడాయే, వేళ్లకు మాత్రం అది పెద్ద దూరం. వయొలిన్‌ను భుజానికి ఆనించి పాప ఎడమ చెయ్యి చాపినప్పుడు, మోచెయ్యి కాస్త వంగి ఉండగానే అరచెయ్యి వయొలిన్ తల చుట్టూ పట్టాలి. మోచెయ్యి పూర్తిగా సాగితే గాని తల అందడం లేదంటే సైజు పెద్దదే.

ఫోన్లో ట్యూనర్ చూసి శ్రుతి చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. పాశ్చాత్య పద్ధతిలో నాలుగు తీగలు జీ3, డీ4, ఏ4, ఈ5. కర్ణాటక పద్ధతిలో మంద్ర షడ్జం, మంద్ర పంచమం, మధ్య షడ్జం, మధ్య పంచమం (అంటే కింది స, కింది ప, మధ్య స, మధ్య ప). అదే వయొలిన్, శ్రుతి వేరు. మీ పాప ఏ పద్ధతిలో, ఏ శ్రుతిలో నేర్చుకుంటోందో గురువుగారి చేత ఒక చీటీ మీద రాయించి పెట్టె మూతకు లోపలివైపు అంటించండి. అక్షరం పక్కన అంకె (స్వరం ఏ స్థాయిలో ఉందో చెప్పేది) కూడా రాయించాలి, ఎందుకంటే అక్షరం ఒక్కటే చూసి బిగిస్తూ పోతే స్థాయి తప్పి తీగ తెగుతుంది. బిగించేటప్పుడు మీ ముఖమూ పాప ముఖమూ తీగకు దూరంగా ఉంచండి. బిరడా నిలవకుండా జారుతుంటే తిప్పుతూనే లోపలికి నొక్కాలి. గాలి పొడిబారిన రోజుల్లో బిరడాలు వదులై జారతాయి, తేమ రోజుల్లో బిగుసుకుంటాయి. ఇది వాతావరణం పని, మీ తప్పు కాదు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా కీచుమంటే కమాను దారి చూడండి. పాపకు ఎదురుగా నిలబడితే తెలుస్తుంది: కమాను బ్రిడ్జికి సమాంతరంగా పోతోందా, చివరికి వచ్చేసరికి వీపు వైపు వంకర తిరుగుతోందా? ఒక అద్దం ఎదురుగా పెడితే పాపే చూసుకుంటుంది, మీరు అనాల్సిన పని ఉండదు.

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు, కీబోర్డు. రోజుకు గంట సాధన చేయకపోతే రాదని బంధువులొకరు చెప్పారు. గంట కూర్చోబెడితే ఇల్లు రణరంగమే. ఎంతసేపు చాలు?

జవాబు: ఏడేళ్లకు గంట వద్దు. పదిహేను నిమిషాలు, కుదిరితే రోజుకు రెండుసార్లు. తొమ్మిది పదేళ్లకు అరగంట వరకు వెళ్లొచ్చు. ఆదివారం రెండు గంటలు వాయించి మిగతా వారమంతా మూత తీయని పిల్లవాడి కంటే, రోజూ పదిహేను నిమిషాలు వాయించేవాడే ముందుంటాడు. చేతివేళ్ల కదలికకు రాత్రి నిద్ర మధ్యలో పడుతూ ఉండాలి, ఒకేరోజు కూరిస్తే అది జరగదు.

ఇంకో చిన్న సంగతి. వాయిద్యం పెట్టెలో, పెట్టె అల్మరాలో, అల్మరా తాళం వేసి ఉంటే సాధన ఎవరికీ గుర్తురాదు. కీబోర్డు స్టాండు మీద, వైరు తగిలించి, ఎప్పుడంటే అప్పుడు నొక్కేలా ఉంచండి.

ప్రశ్న: మా పాప ఏ పాఠమైనా మొదటి రెండు వరసలు బ్రహ్మాండంగా వాయిస్తుంది. మూడో వరసలో ఒకే చోట తడబడుతుంది. వెంటనే మళ్లీ మొదటికి వెళ్తుంది. 'ఆగకుండా వాయించు' అంటే ఏడుస్తుంది. మధ్యలో మేము సరిదిద్దవచ్చా?

జవాబు: మొదటి వరస ఇరవైసార్లు, మూడో వరస మూడుసార్లు, అదీ తప్పుగా. ఆ లెక్కే మీకు వినిపిస్తోంది. తప్పుగా వాయించిన ప్రతిసారీ చేతికి ఆ తప్పు కూడా అలవాటవుతుంది.

మీరు స్వరం సరిదిద్దకండి. మీకు తెలిసినా వద్దు, ఇంట్లో ఇద్దరు గురువులైతే పిల్ల నలుగుతుంది. 'ఎక్కడ ఆగింది, వేలు పెట్టి చూపించు' అని మాత్రం అడగండి. ఆ చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టించండి. చిత్రమేమిటంటే ఆ గీత దగ్గరి స్వరం కష్టమైనదై ఉండదు. దానికి ముందు వేలు మారడమో, తీగ మారడమో, కమాను దిశ తిరగడమో ఉంటుంది. అందుకే గీతకు ముందు రెండు స్వరాలు, తరువాత ఒకటి, ఈ ముక్క మాత్రమే వాయించమనండి. నెమ్మదిగా, దాదాపు నవ్వొచ్చేంత నెమ్మదిగా. తప్పు లేకుండా వరుసగా మూడుసార్లు వచ్చాక ముందు ఇంకో రెండు స్వరాలు కలపాలి. అలా వరస, ఆ తరువాత పై వరస చివరి నుంచి అందుకోవడం.

దీనికి అయిదు గుండీల ఆట బాగా పనిచేస్తుంది. గుండీలు వాయిద్యానికి ఎడమవైపు పెట్టండి. ముక్క సరిగ్గా వస్తే ఒకటి కుడివైపు వస్తుంది. తప్పితే అన్నీ వెనక్కి వెళ్లాలని కొందరు చెబుతారు. పన్నెండేళ్ల పిల్లలకు అది పట్టుదల పెంచొచ్చేమో గాని, చిన్నవాళ్లకు ఏడుపే మిగులుతుంది. ఒకటే వెనక్కి పంపండి. అయిదూ కుడివైపు చేరితే ఆ పూటకు ఆ ముక్క అయిపోయినట్టే.

వారంలో ఒకటి రెండు రోజులు పాఠాన్ని చివరి వరసతో మొదలుపెట్టించండి. చివరిది, తరువాత చివరి రెండు, తరువాత చివరి మూడు. వాయిస్తూ పోయేకొద్దీ తెలిసిన చోటుకే వెళ్తుంది కాబట్టి భయం తగ్గుతుంది.

మెట్రోనోమ్ (తాళానికి టిక్ టిక్ మని దెబ్బలు వేసే సాధనం) వాడుతుంటే, నిమిషానికి ఎన్ని దెబ్బలన్న అంకె ఎక్కడ మొదలుపెట్టాలో మూడో కాలాన్ని బట్టి నిర్ణయించండి. సరళీ స్వరాల్లో (కర్ణాటక సంగీతంలో తొలి పాఠాలు) మొదటి కాలంలో దెబ్బకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. 60లో మొదలుపెడితే మూడో కాలంలో నిమిషానికి 240 స్వరాలు, అంటే సెకనుకు నాలుగు. మొదటి ఏడాది వేళ్లకు అది పరుగు పందెం. 40లో పెడితే 160 అవుతుంది, అందులో చెయ్యి తిరుగుతుంది. అక్కడ శుభ్రంగా వచ్చాక నాలుగేసి అంకెలు పెంచుకుంటూ వెళ్లండి. మెట్రోనోమ్ లేకపోతే మీరే తాళం వేయండి. మూడో కాలానికి వచ్చేసరికి పిల్లలు తమకు తెలియకుండానే తాళాన్ని సాగదీస్తారు. మీ చెయ్యి వాళ్లతో పాటు సాగకుండా చూసుకోవడమే మీ పని, అది అనుకున్నంత సులువు కాదు.

ప్రశ్న: వారం నుంచి మావాడి కీబోర్డు విచిత్రంగా ఉంది. మీటలు సరైనవే నొక్కుతున్నాడు, టీచర్ పంపిన రికార్డింగుతో మాత్రం కలవడం లేదు. చెడిపోయిందా?

జవాబు: బహుశా లేదు. ట్రాన్స్‌పోజ్ అనే మీట ఎవరో నొక్కి ఉంటారు, ఇంట్లో ఇంకో చిన్నపిల్ల ఉంటే మరీనూ. అది నొక్కితే మీటలు అవే, శ్రుతి మాత్రం పైకో కిందికో జరుగుతుంది. తెరమీద ఆ అంకెను సున్నాకు తెచ్చి చూడండి. చాలా కీబోర్డులు ఆపి మళ్లీ వేస్తే సున్నాకు వస్తాయి, కొన్ని గుర్తుపెట్టుకుంటాయి. అప్పటికీ కొద్ది తేడా ఉంటే ట్యూనింగ్ అమరిక చూడండి, అది 440 దగ్గర ఉండాలి.

పనిలో పనిగా కుర్చీ కూడా చూడండి. వేళ్లు మీటల మీద ఉన్నప్పుడు మోచేతులు మీటల ఎత్తుకు సమానంగా గాని, వెంట్రుకవాసి పైన గాని ఉండాలి. భోజనాల బల్ల మీద కీబోర్డు, మామూలు కుర్చీలో పిల్లవాడు అంటే భుజాలు చెవుల దాకా లేస్తాయి. కుర్చీ ఎత్తు పెంచితే కాళ్లు వేలాడతాయి, కింద ఒక పీట వేయండి.

ప్రశ్న: పదేళ్ల మా అబ్బాయి వేణువు మొదలుపెట్టి నెలైంది. రెండు నిమిషాలు ఊదగానే కళ్లు తిరుగుతున్నాయంటాడు. కింది స్వరాలు అసలు పలకవు.

జవాబు: మొదటి నెలలో కళ్లు తిరగడం మామూలే. శబ్దం రాకపోయేకొద్దీ గట్టిగా, వెంటవెంటనే ఊదుతారు. ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు అవసరానికి మించి బయటికి పోయి తల తేలిపోతుంది. వెంటనే ఆపి, కూర్చుని మామూలుగా ఊపిరి తీసుకుంటే తగ్గుతుంది. రెండు నిమిషాలు ఊది ఒక నిమిషం ఆగాలి. గాలి బలం పెంచడం కాదు, పెదవుల మధ్య సందు తగ్గించడం అతను నేర్చుకోవాల్సింది. ఊదకుండా ఉన్నప్పుడు కూడా తల తిరుగుతోందంటే అది వేణువు సంగతి కాదు, డాక్టరుకు చూపించండి.

కింది స్వరాలు పలకకపోవడానికి తొంభై పాళ్లు కారణం వేళ్ల సందుల్లోంచి గాలి కారడమే. పరీక్ష సులువు. రంధ్రాలన్నీ మూసి గట్టిగా అదిమి, పది అంకెలు లెక్కపెట్టి, వేళ్లు తీసి చూడమనండి. వేలి మెత్తమీద రంధ్రం అచ్చు నిండు గుండ్రంగా పడితే సరిగ్గా మూసినట్టు. అర్ధచంద్రంలా పడిన వేలే దొంగ. ఊదేటప్పుడు మాత్రం అంత అదమనక్కర్లేదు. ఏదైనా వేలు అందడం లేదంటే వేణువే పొడవు, చిన్న వేణువు మీద మొదలుపెట్టించమని మాస్టారిని అడగండి.

ఎండలోనో, మూసిన కారులోనో వెదురు వేణువు వదిలేస్తే పగులుతుంది. వాయించాక సన్నని పుల్లకు మెత్తటి బట్ట చుట్టి లోపలి తడి తుడవాలి.

ప్రశ్న: రెండేళ్లు నేర్చుకున్నాక ఇప్పుడు 'ఇక నాకు వయొలిన్ వద్దు' అంటోంది మా పదకొండేళ్ల అమ్మాయి. బలవంతం చేయాలా, వదిలేయాలా?

జవాబు: 'వద్దు' అన్న మాటకు అర్థాలు చాలా ఉంటాయి. ఏడాదిలో పొడవు పెరిగి పాత సైజు ఇరుకై ఉండొచ్చు. పాఠం ఒక్కసారిగా కష్టమై ఉండొచ్చు. గమకాలు (స్వరాన్ని ఊపి పలికించడం) మొదలయ్యే దగ్గరే చాలామంది పిల్లలు ఆగుతారు, అంతదాకా వేలు పెట్టిన చోట పలికిన స్వరం ఇప్పుడు ఊగాలి కాబట్టి. సాధన వేళ స్నేహితుల ఆట వేళతో పోటీ పడుతూ ఉండొచ్చు. 'ఎందుకు వద్దు?' అంటే చెప్పదు. 'క్లాసులో ఏ పది నిమిషాలు బాగోవు?' అని అడిగి చూడండి.

పాప లేనప్పుడు గురువుగారితో మాట్లాడండి. పాఠంతో పాటు ఆమెకు నచ్చిన పాట ఒకటి నేర్పగలరా అని అడగండి. ఆరు వారాల గడువు పెట్టుకోండి, చేతిలో ఉన్న పాఠం పూర్తి చేశాక నిర్ణయం ఆమెదేనని ముందే చెప్పండి, చెప్పాక మాట తప్పకండి. ఒక చెడ్డ రోజు సాయంత్రమో, పరీక్ష తప్పిన వారమో మాన్పించడం మాత్రం మేము ఒప్పుకోం.

మానేస్తే వయొలిన్‌ను అటక మీద పడేయకండి. కమాను వదులు చేసి, రోజిన్ పొడి తుడిచి, తీగలు పూర్తిగా వదులు చేయకుండా ఉన్న బిగువులోనే పెట్టెలో పెట్టండి. నెలకోసారి మూత తీసి బ్రిడ్జి నిలువుగా ఉందో లేదో చూడండి. ఆరు నెలల తర్వాత తనంతట తానే తీసినప్పుడు మొదటి కమాను లాగగానే పలకాలి.