స్కూల్ కౌన్సిల్ మూడు మీటింగులకే ఎందుకు చల్లబడుతుంది?

స్కూల్ కౌన్సిల్‌కి, అంటే ప్రతి క్లాసు తరఫున మాట్లాడే పిల్లల బృందానికి, ఎన్నికలు బాగా జరిగాయి, బ్యాడ్జీలు కూడా ఇచ్చాం, కానీ మూడో మీటింగుకల్లా సగం మంది రావడం మానేశారు, ఏం చేయాలి అని మీరు అడిగారు. కౌన్సిళ్లు నడిపినవాళ్లకి ఇది బాగా తెలిసిన సమస్యే. పిల్లలు అడిగినదానికి జవాబు తిరిగి వాళ్ల క్లాసుకి చేరనప్పుడే ఇలా అవుతుంది. టాయిలెట్ తలుపుకి గడియ లేదని ఒకసారి చెబుతారు. రెండోసారి గుర్తుచేస్తారు. రెండుసార్లూ "చూద్దాం" అంటే మూడోసారి ఎందుకు వస్తారు?

అందుకే ముందు ఒక రిజిస్టరు పెట్టండి. అందులో ఐదు గళ్లు చాలు: ఏం అడిగారు, ఏ క్లాసు, ఎవరు చూడాలి, ఏ తేదీలోగా, చివరికి ఏమైంది. గడువు పది పనిదినాలు మించొద్దు. జవాబు కూడా మూడు రకాల్లోనే ఉండాలి: "సరే, ఫలానా తేదీకల్లా"; "కుదరదు, ఫలానా కారణం వల్ల"; "ఇప్పుడు కాదు, ఫలానా నెలలో మళ్లీ చూస్తాం". కుదరదని చెప్పడానికి హెడ్‌మాస్టర్లు మొహమాటపడతారు, ఆ అవసరం లేదు. లంచ్ టైం పెంచమన్నారనుకోండి. బస్సులు బయల్దేరే వేళ మారదు కాబట్టి చివరి పీరియడ్‌లో కోత పడుతుందని టైంటేబుల్ ముందు పెట్టి చూపించండి. చిన్న క్లాసుల్ని ఐదు నిమిషాలు ముందు వదిలితే క్యూ తగ్గుతుంది కదా అని పిల్లలే అంటారు. నాన్చితే మాత్రం నమ్మకం పోతుంది, అది మళ్లీ రావడం చాలా కష్టం.

కౌన్సిల్‌కి వారం ముందు ప్రతి క్లాసులో 20 నిమిషాల మీటింగ్ టైంటేబుల్లోనే ఉండాలి. మొదటి ఐదు నిమిషాలు పోయినసారి వచ్చిన జవాబులు చదవాలి. టీచరు నిలబడి "ఏమైనా సమస్యలున్నాయా?" అంటే ఎప్పుడూ లేచే ఆ నాలుగు చేతులే లేస్తాయి. ఇద్దరిద్దరిగా మూడు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి, జంటకో చీటీ రాయించండి. నోరు విప్పని పిల్లల మాట అలా బయటికొస్తుంది. చీటీలు చదివి, ఒకేలాంటివి కలిపి, చేతులెత్తించి రెండింటిని పైకి పంపితే చాలు.

సభ్యులు మొత్తం ఇరవై మంది దాటితే చర్చ సాగదు. క్లాసుకి రెండు సీట్లుంటే ఒకటి ఓటుతో, ఒకటి ఇష్టమున్నవాళ్లలో చీటీ తీసి నింపమని గట్టిగా చెబుతాను. ఓట్లు ఎక్కువగా చలాకీ పిల్లలకే పడతాయి. మార్కులు, హాజరు అంటూ షరతులు అసలు పెట్టొద్దు. స్కూల్లో ఇబ్బంది పడుతున్న పిల్లలే ముందు ఆగిపోతారు.

మీటింగ్ స్కూల్ వేళల్లోనే, 40 నిమిషాలు, నాలుగు అంశాలకు మించకుండా. అధ్యక్షత విద్యార్థిది, టీచరు పక్కన కూర్చుని, అడిగితేనే మాట్లాడాలి. చివరి పది నిమిషాలు హెడ్‌మాస్టర్ వచ్చి వినాలి. ఒక పేజీ మినిట్స్, అంటే మీటింగులో ఏం అనుకున్నారో రాసిన కాగితం, రెండు రోజుల్లో నోటీసు బోర్డు మీద, చిన్నపిల్లల కళ్లకి అందే ఎత్తులో పెట్టండి. ఎంతో కొంత డబ్బు కౌన్సిల్ సొంత నిర్ణయానికి వదిలేయండి.

ఒక జాగ్రత్త. పేరు పెట్టి టీచరు మీదో, తోటి విద్యార్థి మీదో చేసే ఫిర్యాదులకి వేరే దారి ఉండాలి. ఎవరైనా తనకి హాని జరుగుతోందని చెబితే అది మినిట్స్‌లోకి ఎక్కకూడదు. పిల్లల రక్షణ చూసే వ్యక్తికి ఆరోజే చేరాలి.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం ప్రకారం, తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుంది, ఆ అభిప్రాయానికి వయసు, పరిణతిని బట్టి తగిన విలువా ఇవ్వాలి. దీన్ని ఆచరణలోకి తేవడానికి పిల్లల హక్కుల పరిశోధకురాలు లారా లండీ 2007లో నాలుగు అంశాలు చెప్పారు: చోటు, గొంతు, వినేవాళ్లు, ప్రభావం. చాలా స్కూళ్లు మొదటి రెండూ ఇచ్చి ఆగిపోతాయి. గోడల రంగులు, జెండా వందనం లాంటివే కౌన్సిల్‌కి వదులుతాయి. హోంవర్క్ కూడా వదలండి. వారం పాటు ఏ సబ్జెక్టుకి ఎన్ని నిమిషాలు పట్టిందో, ఏ రోజు ఎన్ని టెస్టులున్నాయో క్లాసంతా ఒక కాగితం మీద రాస్తే, ఒకేరోజు మూడు టెస్టులు పడుతున్న సంగతి స్టాఫ్ మీటింగులో ఎవరూ కాదనలేరు.

మీ కౌన్సిల్‌ని మళ్లీ పిలిచేముందు పాత మినిట్స్ తీయండి. జవాబు రాని ప్రతిదానికీ ఈ వారమే జవాబు రాయించి, క్లాసు క్లాసులో సభ్యుల చేతే చదివించండి. తర్వాతి మీటింగు తేదీ ఆ కాగితం కిందే వేయండి.